ఒక పొడుగు, రెండు పొట్టి

తాళం తిప్పగానే
డాష్‌బోర్డు మీది దీపాలన్నీ ఒక్కసారి లేచి
హాజరు పలికాయి.
నూనె దీపం, బ్యాటరీ దీపం, చేతి బ్రేకు దీపం.
ఒక్కటి పలకలేదు.
"వెలిగే దీపం కన్నా
వెలగని దీపంతోనే నాకు భయం" అన్నాడు జోకియా,
సిగరెట్టు చెవి మీద పెట్టుకుని.

మెస్తియా ఊరి చివర మా షెడ్డు.
మే నెల వచ్చినా రేకుల అంచు నుంచి
మంచు ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతోంది.
సియూరి తెచ్చిన డెలికా వ్యాను
నాకన్నా రెండేళ్ళు పెద్దది,
కుడి చేతి స్టీరింగుతో జపాన్‌లో ఓడెక్కి వచ్చింది,
తలుపు మీద మాలో ఎవరూ చదవలేని అక్షరాలు.
ఉష్గులి దారిలో, వానకు నానిన దిగుడులో,
బ్రేకు నొక్కితే
పెడలు తిరిగి కాలిని తన్నిందట
టకటకటక,
బండి మాత్రం ఆగకుండా ముందుకే జారిందట.
వెనక సీట్లలో ఏడుగురు, వాళ్ళ మధ్య పిండి బస్తా.
కింద ఎంగురి.

డాష్‌బోర్డు విప్పితే
ఆ గూట్లో బల్బే లేదు.
జోకియా సియూరి వైపు చూళ్ళేదు.
ఆయన చూడకపోవడమే అడగడం.
"నేనే పీకేశాను" అంది.
"ఎక్కినవాళ్ళంతా కొండల్ని మానేసి
దాన్నే చూస్తున్నారు."

కొత్తది పెట్టాం. వెలిగింది. ఆరలేదు.
స్టీరింగు కింది సాకెట్టులో
రెండు రంధ్రాల మధ్య జానెడు తీగతో వంతెన వేసి
ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాం.
ఒక పొడుగు. రెండు పొట్టి.
చీకటి.
మళ్ళీ ఒక పొడుగు, రెండు పొట్టి,
మాటలు రానివాడు అవతల నుంచి తలుపు తట్టినట్టు.
నూనె మరకల పుస్తకంలో వేలు ఆగింది:
ముందు, ఎడమ చక్రం.

జాకీ ఎత్తాక చక్రం తిప్పడం నా పని,
మీటరు చూడడం ఆయన పని.
కదలకుండా ఉంటే పదమూడు వందల ఓములు,
అచ్చం ఉండవలసినంత.
తిప్పితే మిల్లీవోల్టులు లేచాయి,
ఆపితే పడుకున్నాయి.
పళ్ళ చక్రం తుడిచి ఒక్కో పన్నూ గోటితో తడిమాను,
నలభై మూడో నలభై నాలుగో, లెక్క తప్పింది,
ఒక్కటీ విరగలేదు.
సెన్సారు మొహానికి అంటిన ఇనప రజను
గుడ్డతో తీస్తే మీసంలా ఊడొచ్చింది.
అంతే. ఇంకే తప్పూ దొరకలేదు.

మొన్న జుగ్దిదిలో డాక్టరు కూడా
జోకియాను కుర్చీలో కూచోబెట్టి, భుజం నొక్కి చూసి
"బాగానే ఉంది, పో" అన్నాడట.
చెయ్యి పైకెత్తమని అడగనే లేదట.

ఈ సంగతి చెబుతూనే ఆయన స్టీరింగును
ఎడమకు, ఇంకా ఎడమకు, ఇక తిరగనంత ఎడమకు తిప్పాడు.
"ఇప్పుడు చూడు."
మీటరులో అంకె మాయం.
కుడికి తిప్పితే వచ్చింది.
ఎడమకు, పోయింది.

రబ్బరు తొడుగు పైకి నిగనిగలాడుతూనే ఉంది.
బ్లేడుతో చీలిస్తే
లోపల రాగి పోగులు పాచి రంగుకు తిరిగి
ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి,
కలిసి లేవు.
ప్రతి మలుపులోనూ
అదే అంగుళం దగ్గర వంగీ వంగీ.

టంకం వేశాం, తొడుగు బిగించాం.
పాత సంగతి మరిచిపొమ్మని
బ్యాటరీ తీగ ఊడదీసి, ఒక టీ తాగినంతసేపు
బండికి గడువిచ్చాం.
సియూరి కుబ్దారి రొట్టె తుంచి ముగ్గురికీ పంచింది,
మాంసం ఎక్కువున్న ముక్క జోకియాకు.
తాళం తిప్పింది.
దీపాలన్నీ లేచాయి. ఈసారి అదీ లేచింది.
ఒకటి, రెండు, మూడు అనేలోగా
తనంత తానే ఆరింది.

"ఎంత?"
"బల్బు డబ్బులిచ్చి పో.
మళ్ళీ పీకావో, రెట్టింపు."

వ్యాను మలుపు దాకా దిగింది.
ఎడమ మలుపు. వెనక ఎర్ర దీపాలు వెలిగాయి.
ఆ టకటక వినబడుతుందేమోనని చెవులొగ్గాం.
నది చప్పుడు తప్ప ఏమీ లేదు.
జోకియా చెవి మీది సిగరెట్టు కోసం
చెయ్యెత్తబోయి సగంలో ఆపి
రెండో చేత్తో తీసుకున్నాడు.