ఏడో గిన్నె

మా మరిది వాహాన్ ఆసుపత్రి నుంచి
తన కాళ్ళ మీద నడిచొచ్చాడు.
అందుకని మొక్కు.
అత్త ఆర్మెనూహి పొట్టేలును చర్చి దాకా నడిపించి
తేర్ మెస్రోప్ దీవించిన ఉప్పు దాని నోట్లో పెట్టింది.

మతాగ్ అంటాం మా గ్యుమ్రీలో.
కారం పడదు, ఉల్లి పడదు,
నీళ్ళూ ఉప్పూ, అంతే.
ఉడికిన ముక్క మనది కాదు,
పొద్దు గుంకేలోగా ఏడిళ్ళకు చేరాలి.
వాసన మాత్రం ఎవరికీ పంచలేం.
పిల్లలు వంటింటి తలుపుకు బల్లుల్లా అతుక్కుపోయారు.

ఆరు గిన్నెలు సునాయాసంగా పోయాయి.
పెద్ద ఆడపడుచు, ఆవిడ తోడికోడలు,
పళ్ళ డాక్టరు, టైర్ల కొట్టు యజమాని,
ఇంకా ఇద్దరు, రేపు మాకు పనికొచ్చేవాళ్ళు.
దేవుడు అంగీకరించుగాక అన్నారందరూ.
గిన్నె ఖాళీగా పంపకూడదు కదా,
ఒకరు ఆప్రికాట్ జామ్, ఒకరు గుప్పెడు అక్రోట్లు,
డాక్టరు భార్య చాక్లెట్లు పోసింది,
నా పళ్ళు చూసి ఒక సలహా కూడా.

మెట్లు దిగుతుంటే ఎదురయ్యాడు తేర్ మెస్రోప్.
నా సంచిలోకి తొంగి చూశాడు.
"బాగానే గిట్టుబాటయిందే, సాతెనిక్!"
అంతే అన్నాడు.
గడ్డం మీది మంచు దులుపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఏడో గిన్నె మా పినమామగారిది.
ఆయన ఇంటి వీధి మలుపు దాకా వెళ్ళాను కూడా.
అక్కడ నిలబడ్డాను.
గిన్నె చల్లారిపోతోంది, చెవులు కాలిపోతున్నాయి.

రైలు పట్టాలవతల
భూకంపం నాడు, ఈ ఒక్క చలికాలానికే అని
తెచ్చి దించిన ఇనప డబ్బాలు.
ఆ చలికాలం ముప్పై ఏళ్ళు దాటినా వదల్లేదు.
అందులో పుట్టిన పిల్లలు
అందులోనే తల్లులయ్యారు.

మొదటి డబ్బా తలుపు కొట్టాను. ఎవరో తెలియదు.
సిర్వర్ద్ అట పేరు. డెబ్బై దాటుంటాయి.
లోపల తుప్పు గోడకు మేకులు కొట్టిన తివాచీ,
పొయ్యి దగ్గర ఒకే ఒక్క కుర్చీ.
గిన్నె చూసింది.
ముక్కు ముందుకొచ్చింది, చేతులు వెనక్కి పోయాయి.
"వద్దమ్మా. గిన్నెలో తిరిగి పెట్టడానికి
నా దగ్గరేం లేదు."

"పరవాలేదు" అన్నాను.

అన్నాకే తెలిసింది అదెంత చెడ్డ మాటో.
ఆమె మొహం
గాలికి తలుపు పడ్డట్టు మూసుకుపోయింది.
ఇన్ని ఆదివారాలు విన్న ప్రసంగాలన్నీ
గొంతు దాకా వచ్చాయి గానీ
ఒక్కదానికీ ఆ తలుపు తీసే చెయ్యి లేదు.

"పెద్దమ్మా," అన్నాను చివరికి,
"ఇందులో ఉప్పు చాల్లేదు.
మా అత్త నన్ను బతకనివ్వదు.
చిటికెడుంటే పెడతావా?"

దీవించిన ఉప్పుతో వండిన కూర మీద అబద్ధం.
దేవుడు విన్నాడు.
విననీ.

ఆమె వేలు ముంచి నాలుక మీద రాసుకుంది.
నా వంక చాలాసేపు చూసింది.
ఉప్పు సరిగ్గా ఉంది. ఆమెకూ తెలుసు.
"అవును," అంది, "తగ్గింది."

ఇక ఆమెకు పట్టపగ్గాల్లేవు.
ముక్కలు తన పళ్ళెంలోకి ఒంపి
గిన్నె కడిగింది, తుడిచింది, వెలుతురుకెత్తి చూసింది.
మందుల డబ్బాలోంచి ఉప్పు తీసి
చిటికెడు కాదు, గుప్పెడు పోసింది.
"ఉప్పు దగ్గర పిసినారితనం పనికిరాదని
మీ అత్తకు నేను చెప్పానని చెప్పు."

చెప్పాను.
అత్త కాసేపు నోరు తెరవలేదు.
పినమామగారికి ఏం చెప్పాలన్నది
ఇంకా తేలలేదు.

రాత్రి బంగాళాదుంపలు ఉడికించి
సిర్వర్ద్ ఉప్పే వేశాను.
పిల్లలు మొహాలు చిట్లించారు, ఎక్కువైందని.
తినండి అన్నాను.
తిన్న ఉప్పు ఎవరిదో గుర్తుండాలంటే
కాస్త ఎక్కువే పడాలి.

చాక్లెట్లు అలమరలో అలాగే ఉన్నాయి.
రెండో డబ్బాలో ముగ్గురు పిల్లలట.
వాళ్ళను ఏం అడగాలా అని
ఆలోచిస్తున్నాను.