మూడో రీడింగు

పుళియంతోపు హౌసింగ్ బోర్డులో
తెలుగు మాట్లాడే ఇళ్లన్నీ నా వంతు.
కార్పొరేషన్ చీపుళ్లు పట్టడానికి
నెల్లూరు వైపు నుంచి వచ్చిన ముత్తాతల మాట
ఇక్కడ గుమ్మం లోపలే తిరుగుతుంది.

"జబ్బు మా అత్తకు గదక్కా, ఆమెనడుగు"
పిండి చేతులు చెంగుకి తుడుచుకుంటూ సుగుణ.
ఇంట్లోవాళ్ల పేర్లూ వయసులూ కొడితే
టాబ్లెట్టు చీటీ తీసినట్టు ఒక్కరినే తీస్తుంది.
సుగుణ. ముప్పై నాలుగు.
తలుపు పక్కన కాళ్లు చాపుకుని పెంచలమ్మ
"పోనీలే, నాకేనాడు లాటరీ తగిలింది గనక" అంది.

వారంలో ఎన్ని రోజులు పండ్లు తింటారు?
"ఆసుపత్రిలో ఎవురన్నా పడితే కొనకపోతాం.
తినేది వాళ్లు."
భోజనానికి కూర్చున్నాక పైన ఉప్పు వేసుకుంటారా?
"కూర్చునేదెప్పుడు?"
రొప్పు వచ్చేంత శ్రమ, ఆగకుండా పది నిమిషాలు?
సుగుణ ప్లాస్టిక్ బిందెల వంక చూసి
మూడంతస్తుల మెట్ల వంక చూసి
"ఆటలా అక్కా?" అంది.
ఉద్యోగం, ప్రయాణం, ఆట అని మూడు గడులు.
నా వేలు వాటి మీద కాసేపు తిరిగింది.

నడుముకి టేపు చుడితే
"జాకెట్టు కుట్టే సలీమాకి తప్ప
నా కొలత ఎవురికీ తెలీదు" అని నవ్వి
ఊపిరి బిగబట్టింది.
వదిలెయ్యమన్నాను.
వదిలాక వచ్చిందే రాసుకోవాలి.

బీపీ మూడుసార్లు.
మధ్యన మూడేసి నిమిషాలు మాట్లాడకూడదు.
పట్టపగలు ఆ ఇంట్లో
ఎవరూ ఏమీ అడగకుండా
సుగుణ ఊరికే కూర్చుంది.
రెండో విడతకి కళ్లు మూసుకుంది.
మూడోది, మొదటిదానికంటే తొమ్మిది తక్కువ.

సామాను సర్దుతుంటే పెంచలమ్మ
ఏమీ అనకుండా చెయ్యి చాపింది.
చీటీ రానివాళ్లకి కట్టకూడదు,
శిక్షణలో రెండుసార్లు చెప్పారు.
కట్టాను.
నూట ఎనభై నాలుగు.
టాబ్లెట్టులో దానికి చోటు లేదు.
అరచేతిలో రాసుకుని
"రేపే పోవాల, వీధి చివర ఆసుపత్రికి" అన్నాను.
"రేపు నీళ్ల లారీ వస్తది" అంది.

బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడితే
బేసిన్ బ్రిడ్జి దాటేసరికి
ఒకటీ నాలుగూ మిగిలాయి,
నడిమి ఎనిమిది చెమటకి నీలంగా పాకింది.
రేపు నాకు వేరే వీధి.
లారీ ఎన్నింటికి వస్తుందో అడగలేదు.