నాలుగో బిళ్ల

మొదటి బిళ్ల విరిగిన పాల రంగు.
ఆ రాత్రి అమలాపురంలో వాన,
మధ్యలో కరెంటు పోయి వచ్చి నా గంటల లెక్క తప్పింది.
గాజులో మొలిచిన స్ఫటికాలు బాగా బలిసి
వెలుతురు దారికి అడ్డంగా నిలబడ్డాయి.

రెండోది ఇత్తడి పలక మీద పోయగానే
టప్‌మని పగిలింది.
అటెండరు సత్తిరాజు చీపురు తెస్తూ అన్నాడు:
"ఆయ్, పాకం దింపాక గాలి తగలకూడదండి."
వాళ్ళావిడ జీళ్ళు చేసి అమ్ముతుంది, అతనికి తెలుసు.

మూడోది తొందరపడి తీసేశాను.
స్వచ్ఛంగా ఉంది, లోపల ఏమీ లేదు.
ఎక్స్‌రే పటంలో ఓడలరేవు ఇసుక దిబ్బలా
ఒక్క మెత్తటి గుట్ట.

నాలుగోదానికి ఆరువందల ఇరవై డిగ్రీలు, నాలుగు గంటలు.
కొలిమి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను.
విశాఖ నుంచి పటం వచ్చింది:
అదే దిబ్బ మీద ఇప్పుడు సరుగుడు చెట్లు.
లాంథనం ఫ్లోరైడ్ గింజలు, పదిహేను నానోమీటర్లు,
వెలుతురు కంట్లో నలుసైనా కానంత చిన్నవి.
పేపరు మీద బిళ్ల పెడితే
దాని గుండా కొబ్బరికాయ ధర చదువుకోవచ్చు.

ఆ ధర చదివింది మా నాన్న.
అంబాజీపేటలో ముప్పై ఏళ్ళు లారీలకి కాయ ఎక్కించి
ఇప్పుడు భుజం చూపించుకోడానికి వచ్చాడు.
గది చీకటి చేసి, కంటికి ఆనని కిరణం వదిలాను.
బిళ్లలో సన్నగా, పచ్చగా ఒక గీత.
"లైటేదే?" అన్నాడు.

ఇటెర్బియం అని ఒకటుంది నాన్నా,
అది అందుకుని ఎర్బియానికి విసురుతుంది,
ఒక్క విసురుకి సగమే ఎక్కుతుంది,
జారేలోపు రెండోది అందాలి...

"కిందోడు, నడిమోడు, పైవోడు," అన్నాడు.
"చేతులు దగ్గరుండాలి. ఎడమైతే కాయ నేలపాలే."

అవును. అందుకే ఆ గింజలు.
బయట గాజులో ఊగులాట ఎక్కువ,
అందుకున్నదంతా వేడిగా కారిపోతుంది.
నా థీసిస్‌లో ఇది మూడు పేజీలు, పదకొండు సమీకరణాలు.

పోతూ పోతూ డబ్బాలో మొదటి బిళ్ల చూశాడు.
"దీని మీదా పెట్టవే."
అది పాడైపోయింది నాన్నా.
"పెట్టు."

గీత లేదు.
బిళ్ల బిళ్లంతా వెలిగింది,
కాలవ మీది తెల్లారుగట్ట మంచు పచ్చబడినట్టు.
నాన్న మంచి చెయ్యి గోడకి ఆనించి
చాలాసేపు చూశాడు.
"నాకిదే బావుంది."

నోటుబుక్కులో ఒకటో నమూనా ఎదురుగా
'పనికిరాదు' అని నెల క్రితమే రాశాను.
కొట్టెయ్యలేదు.
పక్కన తేదీ మాత్రం వేశాను.