డాష్

తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టు, నాలుగో ప్రశ్న.
తగిన కంజంక్షన్‌తో ఖాళీ పూరించండి:
అండ్, బట్, సో, ఆర్.
మెచ్చుకున్నట్టుంటుందని
మా క్లాసు పిల్లనే తలుచుకోని రాసినా.
వాళ్ల నాయన బండలు పరుస్తాడు, డాష్,
ఆమె ఇంగ్లీషులో ఫస్టు.

ముప్పై ఎనిమిది పేపర్లలో బట్.
ఓబులేసు ఆర్ రాసినాడు,
వాడు అన్నిటికీ ఆర్ రాస్తాడు.
ఆఖర్న రిజ్వానాది.
సో.

ఎర్రపెన్ను మూత తీసి అట్లనే ఉండిపోయినా.
కరెంటు పోయింది.
ఎర్రగుంట్లలో రాత్రి తొమ్మిదప్పుడు
సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము గూడా కాలుతుంటుంది.
చాప మీంచి బండ మీదికి జరిగితే
సల్లగా తగిలింది.

పోయిన ఎండాకాలం ఇవి పరిచింది పీరానే.
మోకాళ్ల మీద వంగి, తాపీ మొనతో
సందులో సిమెంటు కూరుతా అన్నాడు:
"బండ ఎవుడైనా పరుస్తాడు మేడం,
పనంతా సందులోనే ఉండాది.
ఎక్కువైతే ఉబ్బుతాది,
తక్కువైతే చీమలు కాపురం పెడతాయి."
పక్కన ఆ పిల్ల సుద్దముక్కతో
బండల గరుకువైపు స్పెల్లింగులు రాస్తాంది,
నున్నటి వైపు సుద్ద నిలవదని.
"సదువు. సదివితేనే తిప్పి పరుస్తా" అనేవాడు.
ఆ మాటలు అట్లనే కిందికి పోయినాయి.
బికాజ్ స్పెల్లింగు
ఇప్పుడు నా మంచం కింద యాడనో ఉంది.

మన మాటల్లో ఇంత తగువు లేదు.
అమ్మా నాయనా అని
చివర రవ్వంత సాగదీస్తే చాలు, కలిసిపోతారు.
బండలు పరుస్తా చదివించినాడు అంటే
మధ్యలో ఎవరూ వచ్చి నిలబడరు.
బట్ అంటే మాత్రం
నాలుక తట్టుకోని ఆగుతుంది.
ఇన్నేండ్లు చెప్తాండా,
ఆ చప్పుడు ఈ రాత్రే విన్నా.

ఖాళీ వదిలినా అనుకున్నా గానీ
బట్ పట్టేంత కొలత తీసే వదిలినా.
పిల్లోళ్లు నా కొలతకే కోసుకొచ్చినారు.

కరెంటు వచ్చింది.
సో పక్కన రైటు పెట్టినా.
బట్‌లకు గూడా పెట్టినా, తప్పు వాళ్లది గాదు.
ఓబులేసుకు సున్నా చుట్టబోయి
మళ్లా ఒకసారి చదివినా:
వాళ్ల నాయన బండలు పరుస్తాడు, లేదా
ఆమె ఇంగ్లీషులో ఫస్టు.

సోమవారం సోమవారం
బడి ఎగ్గొట్టి పాలీషు మిల్లుకు పోయే పిల్లోడు.
రెండిట్లో ఒకటే దొరుకుతుందని
వానికి ఎవురు చెప్పినారో.