రెండడుగుల కుంట

మొదట ఒక ఖాళీ గాజు పెట్టె.
రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు.
మూసారాంబాగ్ సందులో సాబిర్ మియా
దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కించాడు.
"నీళ్లు పోసిన రోజే చేపల కోసం రావొద్దు సాబ్,
నెల ఆగి రండి."
తన బేరాన్ని తానే వాయిదా వేసుకునే దుకాణదారుణ్ని
నేనంతకు ముందు చూడలేదు.

పగలంతా నేను గీసేది అపార్ట్‌మెంట్లు.
లిఫ్టెక్కడ, మెట్లెక్కడ,
ఎవరి కారు ఎవరి కారుకు అడ్డం రాకూడదు.
సర్వే పటంలో ఒక్కోసారి నీలిరంగు గీత కనబడుతుంది.
మౌస్‌తో ఒక్క నొక్కు, ఆ పొర ఆరిపోతుంది.

రాత్రి ఇంటికొచ్చి గ్రాఫ్ కాగితం మీద
ఎడమవైపు మూడోవంతులో ఒక బండ వేశాను.
వెనక ఎత్తు మొక్కలు, ముందు పొట్టివి,
నడుమ ఇసుక దారి.
పోయేకొద్దీ అది సన్నబడాలి,
అప్పుడే అడుగు వెడల్పులో ఆమడ దూరం కనిపిస్తుంది.

బండ ఖాజాగూడది.
పేల్చిన గుట్ట పక్కన లారీలోంచి జారిన ముక్క,
బూడిదరంగు మీద ఒక గులాబి చార.
బ్రష్షుతో తోమాను, మరిగే నీళ్లు పోశాను.
అయినా మందుగుండు వాసన పోయిందనిపించలేదు.

నీళ్ల దగ్గరే చిక్కొచ్చింది.
బోరు నీళ్లు బకెట్‌కు తెల్లటి పూత పెడతాయి,
నల్లా రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు, అదీ క్లోరిన్ కంపు.
రెండు పాళ్లు నల్లా, ఒక పాలు బోరు,
ఓ రాత్రంతా డాబా మీద మూత తీసి ఉంచి
పళ్లెం మీదుగా పోశాను, మట్టి లేవకుండా.

పదో రోజుకు ముందు వరుస మొక్కలు కరిగాయి.
వాడలేదు, ఎండలేదు. కరిగాయి.
ముట్టుకుంటే వేలికి జిగురు.
గాజు మీద గోధుమరంగు దుమ్ము, తర్వాత పచ్చటి జుట్టు.
ఫోన్ చేస్తే సాబిర్ మియా అన్నాడు:
"చెయ్యి పెట్టొద్దు. అవి గాలిలో పుట్టిన ఆకులు.
నీళ్లలో పుట్టే ఆకు వేరే వస్తుంది."
లైటు ఆరు గంటలకు తగ్గించి
చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను.
ఇరవై మూడో రోజు
వేరు దగ్గర, గోరంత కూడా లేని ముదురు పచ్చ.

మెట్ల కింద ఇస్త్రీ బల్ల యాదమ్మది.
బట్టలివ్వడానికి పైకొచ్చి
చొక్కాలు చేతిలోనే ఉంచుకుని చాలాసేపు వంగి చూసింది.
"ఎనక ఉన్నది నాసు గదా?"
అవునన్నాను. కట్ట ఎనభై రూపాయలన్నాను.
ఆమె నవ్విన నవ్వుకు పై చొక్కా కింద పడింది.
"వలకు సుట్టుకుంటదని మా నాయిన
తిట్టుకుంట పీకి గట్టు మీద పడేసేటోడు.
ఈడనే, మీ పార్కింగుల.
లిఫ్టు గుంత తవ్వినప్పుడు గుల్లలు ఎల్లలేదా?"

ఈ లిఫ్టు గుంత నేను గీసింది కాదు.
అది చెప్పబోయి ఊరుకున్నాను.

మళ్లీ వంగింది.
"చేపకు దాక్కునే జాగేది?
గంత ఎలుగుల అదెట్ల పంటది?"

గ్రాఫ్ కాగితం తీసి చూశాను.
చూసేవాడికి కావలసినవన్నీ ఉన్నాయి అందులో,
మూడోవంతు, దారి, దూరం.
మోచేతి దాకా నీళ్లలో దించి బండను పక్కకు వాల్చాను.
దాని కింద అరచేయంత చీకటి వచ్చింది.
నీళ్లు తేరుకోవడానికి సాయంత్రమైంది.

ఆ చీకట్లో ఇప్పుడు ఆరు చిన్న చేపలు.
పేర్లు పెట్టలేదు, ఏది ఏదో నాకే తెలియదు.
కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే
ఆ నిశ్శబ్దానికి నాకు మెలకువ వస్తుంది.
మధ్యాహ్నాలు నాసు కొనల నుంచి బుడగలు
ఒకదాని వెనక ఒకటి, తొందరేమీ లేకుండా.

ఆదివారం పావువంతు నీళ్లు మారుస్తాను.
పసుపుపచ్చగా మారిన ఆ నీళ్లు
పెయింటు డబ్బాలోని యాదమ్మ గోంగూరకు.
ఖాళీ బకెట్‌తో మెట్లెక్కి వచ్చి
"కుంట నీళ్లు తీసినవా?" అంటుంది వాకిట్లోంచే.
తీసిన, అంటాను.