స్కెలిటన్ క్రీక్ లెక్కలు

మా వీధి చివర ఒక వాగుంది.
మెల్‌బోర్న్ పడమటి అంచున, కొత్త ఇళ్ళ వెనక.
పేరు స్కెలిటన్ క్రీక్.
ఇల్లు కొన్న రోజు మా ఆవిడ
"ఎముకల వాగు పక్కన గృహప్రవేశమా!" అని నవ్వింది.
ఎముకలేమీ కనబడలేదు.
ఆరేళ్ళలో నేను దిగి చూసిందీ లేదు.

నెలకోసారి, మూడో శనివారం,
జెడెంకా దిగుతుంది.
డెబ్బై ఎనిమిదేళ్ళ క్రొయేషియా మనిషి.
కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు సీట్లు కుట్టిన చేతులు.
పొడుగాటి పటకారు, మోకాళ్ళ దాకా బూట్లు,
మెడలో తాడుకి పెన్సిలు, జేబులో చిన్న నోట్‌బుక్కు.
ఏరిందల్లా రాస్తుంది.
"రాయకపోతే అది ఏరడం కాదు, ఊడ్వడం" అంటుంది.

నేనెందుకెళ్ళానంటే, నిజం చెప్పాలి,
మా వాడి స్కూల్లో అడిగారు.
పిల్లాడితో ఒక పెద్ద మనిషి, ఒక గంట, ఒక సంతకం.

మొదటి పావుగంటలోనే ఆమెకి చాలా చెప్పాను.
పెరుగు డబ్బా కడిగి ఆరబెట్టిగానీ
పసుపు మూత బిన్నులో వెయ్యనని,
మా పక్కింటి గ్రెగ్ పిజ్జా పెట్టెని
జున్నుతో సహా పారేస్తాడని.
ఆమె ఊఁ కొట్టింది.
ఆ ఊఁ నాకో, బురదలోంచి ఊడిరాని టైరుకో
తెలీలేదు.

సీసా మూతలు నూట పన్నెండు.
చాక్లెట్ కాగితాలు తొంభై.
స్ట్రాలు. చెవి పుల్లలు. నానిన క్రికెట్ బంతి.
ఎవరిదో పళ్ళ సెట్టు, పై వరస మాత్రమే.
దాన్ని ఏ గడిలో రాయాలో కాసేపు ఆలోచించి
"ఇతరాలు" అంది.

అప్పుడు నా పటకారుకే దొరికింది.
కొరియర్ కవరు, బూడిద రంగుది.
లోపల గుప్పెడు ఒండ్రు, రెండు నత్తలు.
పైన చీటీ.
వాన తిన్నది తినగా మిగిలిన అక్షరాలు:
మృత్యుంజయ. ఇంటి నంబరు పదిహేడు.
ఈ దేశంలో ఎవరూ సరిగ్గా రాయని నా పేరు
ఒక్క అక్షరం తప్పు పోకుండా, ఇక్కడ.
కవరుకి తగ్గ పేరే.
నేను పోయాక కూడా అది ఉంటుంది.

మంగళవారం రాత్రి గాలి గుర్తొచ్చింది.
మూత పడనంతగా నింపి, రోడ్డు పక్కన పెట్టి,
తెల్లారితే లారీ వస్తుందిగా అని పడుకున్నాను.
నడి రాత్రి మూత టపటపా కొట్టుకుంది.
విన్నాను.
దుప్పటి పైకి లాక్కున్నాను.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.
జెడెంకా చీటీ చూసింది, నన్ను చూసింది,
రాసుకుంది:
కవరు, ఒకటి.
ఆ పుస్తకంలో పేర్లకి గడి లేదు.

మా వాడు పిలిచాడు, రెల్లు పొదలోంచి, గుసగుసగా.
నీటికోడి గూడు.
ఎండు రెల్లు, గడ్డి పోచలు, వాటి మధ్య
ఆకుపచ్చ ప్లాస్టిక్ దారం రెండు చుట్లు.
సోనామసూరి బస్తా మూతి కుట్టే దారం.
మా వీధిలో ఆ బియ్యం వండేది పదకొండు ఇళ్ళు.
మాదీ ఒకటి.
లాగబోయాను. ఏదో ఒకటి సరిచెయ్యాలనిపించింది ఆ క్షణం.
పటకారుతో నా మణికట్టు మీద తట్టిందామె.
మచ్చల గుడ్లు ఐదు.
కాస్త దూరంలో ఎర్ర ముక్కు నీలి పిట్ట
తోక ఎగరేస్తూ మమ్మల్ని తిడుతోంది.
"ఇప్పుడది ఇల్లు" అంది జెడెంకా.
చివరి పేజీ తిప్పి రాసింది:
దారం, ఒకటి. తర్వాత.
ఆ "తర్వాత" చుట్టూ పెన్సిలుతో ఓ సున్నా చుట్టింది.

తరవాతి బుధవారం తెల్లవారుజామున
లారీ చప్పుడు విని పైజమాలో పరిగెత్తాను
రాత్రి మూతకి బిగించిన తాడు విప్పడానికి.
గ్రెగ్ కాఫీ కప్పుతో గుమ్మంలో ఉన్నాడు.
"రాత్రి గాలి లేదుగా" అన్నాడు.
"గుడ్లున్నాయి" అన్నాను.