నాలుక లెక్క

ఎలుకలకు ఎరుపు కనబడదు.
అందుకని ఈ గదిలో ఎర్రబల్బు ఒక్కటే,
నాకు మసక, వాటికి చిమ్మచీకటి.
బయట మాంట్రియల్ గడ్డకట్టి ఉంది.
బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి
రెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కున్నాయి.
స్టూలు మీద కూర్చుని, చేతితొడుగులు ఒళ్ళో పెట్టుకుని
మూడు నిమిషాలకోసారి చూస్తాను:
నాకుతోందా, లేదా.
నాకితే ఒక గీత.
పంతొమ్మిదేళ్ళుగా ఈ గీతలకే నాకు జీతం.

పదకొండో నంబరు తల్లి
పిల్లను మూతితో వెల్లకిలా దొర్లించి
పొట్టా, చంకలూ, తోక మొదలూ,
వేలెడంత ఒంట్లో వెంట్రుకవాసి చోటు వదలదు.
పద్నాలుగోది చెడ్డదేం కాదు.
వేళకు పాలిస్తుంది, పిల్లలు బరువు పెరుగుతాయి.
నాకదు.
కాగితం మీద దాని వరస
ఎవరూ నడవని మంచులా ఉంటుంది.

"దాన్ని తిట్టుకోకు రెజాన్,
దాన్నీ ఎవరూ నాకలేదు"
అన్నాడు డాక్టర్ పాల్ఫీ,
కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా.

జూన్‌లో పద్నాలుగు ఈనింది.
కళ్ళు తెరవని పిల్లనొకదాన్ని తీసి
వెనక పాదం మీద సిరాచుక్క పెట్టి
పదకొండు గూట్లో వదిలాను.
పదకొండు మూతి చాపింది. వాసన చూసింది. ఆగింది.
నా పెన్సిలూ ఆగింది.
ఎవరి కడుపున పడ్డావని అడగలేదది.
వెల్లకిలా దొర్లించింది.

సిరాచుక్క పిల్ల పెద్దదయ్యాక
దీపాలు వెలిగే ఖాళీ పెట్టెలో వదిలాం.
దాని తోబుట్టువులు గోడవార వదలలేదు.
అది నడిమధ్యకు నడిచి, కూర్చుని, మీసాలు దువ్వుకుంది.
తర్వాత అదీ తల్లయింది.
గీతలకు చోటు చాలక
కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది నాకు.
పేగుబంధం అంటారు గానీ
పేగు తెగిన తర్వాతే ఉంది కథంతా.

నన్ను పెంచింది సెంత్-ఒడీల్ అనాథాశ్రమం.
తొట్లు అరవై, సిస్టర్లు ఇద్దరు.
మడతపెట్టిన తువ్వాలుకి ఆనించిన పాలసీసా
నా నోటి దాకా దానంతటదే వచ్చేది.
ఈమధ్య నా ఫైలు అడిగి తెప్పించుకున్నాను.
ఒక్కటే కాగితం.
"బరువు సరిగ్గా పెరుగుతోంది. ఏడవదు."
ఏడవదు అన్న మాట కింద ఎవరో
మెచ్చుకోలుగా గీత గీశారు.
నా పసితనానికి దక్కిన గీత అదొక్కటే.

గయెతాన్‌ని నేను
వేళకు పాలిచ్చి, ఇస్త్రీ బట్టలు తొడిగి పెంచాను.
వాడికి చీకటంటే భయమని
వాడి పెళ్ళయ్యాక, వాడి భార్య చెబితే తెలిసింది.
ఇంతకన్నా ఏం చెప్పను.

మిర్లాండ్‌ది హైతీ.
ఆదివారం వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి
మూడు నెలల పిల్లకి ఆముదం పట్టిస్తోంది,
నల్లటి, మాడు వాసనేసే ఆముదం.
మెడా, భుజాలూ, గుప్పిట విప్పి అరచెయ్యీ.
అలవాటుకొద్దీ లోపల గీతలు గీస్తున్నాను.
"కాళ్ళు నువ్వు పట్టు రెజాన్"
అంది, నా వైపు చూడకుండా.
యాభై రెండేళ్ళ చేతులు.
ముందు వాసన చూశాను. ఆగాను.
పిల్ల నా బొటనవేలిని తన్నింది.

ఇవాళ సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా
ఆముదం పోలేదు.
కొత్త వాసనలతో లోపలికి రాకూడదని
తలుపు మీద రాసి ఉంది. వచ్చాను.
పద్నాలుగు ముసలిదైంది. రంపంపొట్టు తోసుకుని లేచి
ఊచల్లోంచి మూతి బయటపెట్టి
నా వేళ్ళని చాలాసేపు,
మూడు నిమిషాలు దాటిపోయినా,
వాసన చూస్తూనే ఉంది.

కాగితంలో దానికి గడి లేదు.
నేను చెయ్యి తియ్యలేదు.